జొన్నగిరిలో తవ్వకం మొదలయ్యాక డెక్కన్ గోల్డ్ షేరును ఏం చూసి అంచనా వెయ్యాలి?

పత్తికొండ_మాస్టారు అడిగారు:

అందరికీ నమస్కారం. డెక్కన్ గోల్డ్ మైన్స్ షేర్లు 2008 నుంచి నా దగ్గర ఉన్నాయి. పడినప్పుడల్లా ఇంకొన్ని తీసుకున్నాను, ఒక్కటి కూడా అమ్మలేదు. ఇప్పుడు ఆ కంపెనీకి వాటా ఉన్న కర్నూలు జిల్లా జొన్నగిరి బంగారు గనిలో ప్లాంటు లేచింది. పది గ్రాముల బంగారం లక్ష దాటింది. మా అబ్బాయి హైదరాబాదులో ఫ్లాటుకు అడ్వాన్సు కట్టాలి, "సగమైనా అమ్ము నాన్నా, ఇంతకాలం ఆగావు కదా" అంటున్నాడు. ఇన్నేళ్లూ నేను చూసింది ఒక్కటే, గని మొదలవుతుందా లేదా అని. మొదలయ్యాక ఏం చూడాలి? గనుల్లో పనిచేసినవాళ్లు, కంపెనీ లెక్కలు చదవగలిగినవాళ్లు చెబితే మేలు చేసినవారవుతారు.

నేనెందుకు పట్టుకుని కూర్చున్నానో కూడా చెబుతాను, లేకపోతే "బంగారం పేరు చూసి కొన్నాడు" అనుకుంటారు.

తుగ్గలి మండలంలో చాలాకాలం సైన్సు చెప్పాను. జొన్నగిరి, పగిడిరాయి, ఎర్రగుడి చుట్టుపక్కల నేల నాకు తెలుసు. తొలకరి పడితే చాలు, మా బడిలో సగం బెంచీలు ఖాళీ. పిల్లలూ పెద్దలూ చేలల్లో తలొంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు. అనంతపురం నుంచీ బళ్లారి నుంచీ కూడా జనం వస్తారు. వజ్రం సంగతి అందరికీ తెలుసు, బంగారం సంగతి తక్కువ మందికి తెలుసు. ఆ గుట్టల పక్కన ఎప్పటివో పాత తవ్వకాల గుంతలున్నాయి. ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న బండలను 1929లో లోకానికి చూపించింది కూడా ఒక భూగర్భ శాస్త్రవేత్తే. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి మా జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు అంటారు, కర్ణాటకలోని ఊళ్ల పేర్లు చెప్పేవాళ్లూ ఉన్నారు. నేను జొన్నగిరి వైపే.

జొన్నగిరిలో బంగారం కోసం డ్రిల్లింగు జరుగుతున్న రోజుల్లో నా పాత శిష్యుడొకడు అక్కడ పనికి కుదిరాడు. వాడు కోర్ పెట్టెలు చూపించాడు. బోరు వేస్తే మనకు పొడి వస్తుంది, వీళ్లకు మాత్రం రాయి కడ్డీలా నిండుగా బయటికొస్తుంది. పొడవాటి పెట్టెల్లో వరసగా పేర్చి, ప్రతి మీటరు దగ్గరా లోతు రాస్తారు. కడ్డీని నిలువునా రంపంతో కోసి సగం ల్యాబుకు పంపి, సగం అక్కడే దాస్తారు. ఎవరికైనా అనుమానం వస్తే దాచిన సగం తీసి మళ్లీ పరీక్ష చేసుకోవచ్చు. నల్లపచ్చ రాతి మధ్యలో పలుగురాయి చారలు, వాటి అంచున ఇత్తడిలా మెరిసే చుక్కలు. "సార్, ఆ మెరిసేది బంగారం కాదు, పైరైట్. అసలుది కంటికి కనపడదు" అన్నాడు వాడు. ఆ రోజు నాకు ఈ పని మీద గురి కుదిరింది. మెరిసేదాన్ని బంగారమని చెప్పి నమ్మించకుండా, కనపడనిదాన్ని కొలిచి చెప్పే పని ఇది.

కానీ జొన్నగిరి అప్పట్లో జియోమైసూర్ అనే బెంగళూరు ప్రైవేటు కంపెనీది. దాని షేర్లు మనకు దొరకవు. మార్కెట్లో లిస్టయిన బంగారు అన్వేషణ కంపెనీ అంటే డెక్కన్ గోల్డ్ ఒక్కటే. దాని చేతిలో కర్ణాటకలో హావేరి జిల్లా గణజూర్, హట్టి ప్రాంతం వగైరా ఉండేవి. సరే, మన నేల రాయీ హావేరి రాయీ ధార్వాడ్ కాలపు ప్రాచీన రాళ్లే కదా అని కొన్నాను. ఆ గణజూర్ ఇవాళ రేపు అంటూ ఏళ్లు గడిచాయి. 2015 జనవరిలో గనుల చట్టం మార్చి ఇకమీదట వేలంలోనే లీజులన్నారు. అంతకుముందే వెతికి కనుక్కున్నవాళ్ల హక్కులు కాపాడతామని అందులోనే ఒక సెక్షన్ పెట్టారు. 2021 మార్చిలో ఇంకో సవరణతో, ఇంకా తేలని అలాంటి దరఖాస్తులన్నీ రద్దయ్యాయి. ఖర్చు తిరిగి ఇస్తామన్నారు. వెతికినవాడి ఇన్నేళ్ల కష్టానికి అది న్యాయం కాదని నేను ఇప్పటికీ అంటాను. ఆ రోజుల్లో ఈ షేరును పలకరించిన నాథుడు లేడు. నేను కొన్నది ఎక్కువగా అప్పుడే.

తర్వాత డెక్కన్ గోల్డ్ షేర్ల మార్పిడి పద్ధతిలో జియోమైసూర్‌లో సుమారు 40 శాతం వాటా తీసుకుంది. జొన్నగిరి లీజు 2013 నాటిది కాబట్టి వేలం గొడవ దానికి లేదు. అలా తిరిగి తిరిగి మా మండలం గని నా డీమ్యాట్ ఖాతాలోకి వచ్చింది. స్వతంత్రం వచ్చాక దేశంలో ప్రైవేటు రంగంలో వస్తున్న మొదటి పెద్ద బంగారు గని ఇదేనంటున్నారు. పూర్తిస్థాయికి చేరితే ఏడాదికి 750 కిలోలు అని కంపెనీ చెబుతోంది.

ఇదీ నా కథ. చెప్పండి.

హట్టి_రిటైర్డ్ రాశారు:

మాస్టారూ, నమస్తే. కర్ణాటకలో రాయచూరు జిల్లా హట్టి బంగారు గనిలో, భూగర్భంలో పనిచేసి రిటైరయ్యాను, సొంతూరు ఆదోని. మీరు కోర్ పెట్టె దగ్గర ఆగి చూశారు, చాలామంది అక్కడిదాకా కూడా రారు.

ఇకమీద మీరు చూడాల్సినవి మూడు అంకెలు. మిల్లులోకి రోజుకు ఎన్ని టన్నుల రాయి పోయింది, ఆ రాయిలో టన్నుకు ఎన్ని గ్రాముల బంగారం ఉంది (దీన్నే గ్రేడు అంటాం), అందులో ఎంత శాతం బయటికొచ్చింది (ఇది రికవరీ). ఈ మూడూ ఇవ్వకుండా "ఇన్ని కిలోలు పోశాం" అని మాత్రమే చెబితే సంతోషపడకండి.

లెక్క ఒకటి వేసి చూపిస్తాను. గ్రేడు టన్నుకు ఒకటిన్నర గ్రాము అనుకుందాం, రికవరీ 90 శాతం అనుకుందాం. టన్నుకు 1.35 గ్రాములు చేతికొస్తుంది. 750 కిలోలు రావాలంటే ఏడాదికి సుమారు 5 లక్షల 55 వేల టన్నుల ఖనిజం ఆడించాలి. ఏడాదికి 330 రోజులు మిల్లు నడిచిందనుకుంటే రోజుకు 1,700 టన్నులకు కాస్త తక్కువ. గ్రేడు 1.2కి జారిందా, అదే మిల్లు, అదే కరెంటు, అదే డీజిలు, వచ్చేది మాత్రం 600 కిలోలు. ఖర్చు తగ్గదు, బంగారం తగ్గుతుంది. గనివాళ్లకు నిద్ర పట్టనివ్వనిది గ్రేడే.

ఇంకొకటి, నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టులో ఖనిజం కోసం దాని పైనా పక్కనా ఉన్న పనికిరాని రాయిని కూడా తీసి పారెయ్యాలి. టన్ను ఖనిజానికి ఎన్ని టన్నుల ఉత్త రాయి ఎత్తాల్సి వస్తోందో అడగండి. పిట్టు లోతు పెరిగేకొద్దీ ఆ లెక్క పెరుగుతుంది. బ్లాస్టింగులో ఉత్త రాయి ఖనిజంలో కలిసినా గ్రేడు పడుతుంది. మా హట్టిలో సన్నటి పలుగు చార వెంట పోతుంటే అటు అరమీటరు ఇటు అరమీటరు ఎక్కువ కొట్టినా షిఫ్టు బాసు మా మీద అరిచేవాడు, ఎందుకంటే ఆ నెల గ్రేడంతా అక్కడే పోతుంది. భూగర్భమైనా పైనైనా ఆ జాగ్రత్త ఒకటే.

హట్టి ఎంతో పాతది, ఎంతో లోతైనది, అయినా ఏడాదికి ఇచ్చేది సుమారు టన్నున్నర. మన దేశం దిగుమతి చేసుకునేది ఏటా 700, 800 టన్నులు. అందుకని 750 కిలోలను తక్కువ అనుకోవద్దు, దేశాన్ని మార్చేస్తుందనీ అనుకోవద్దు. ఒక కంపెనీకి మాత్రం అది చాలా పెద్ద మాట.

బెజవాడ_రమ రాశారు:

మాస్టారు గారూ, నేను ఆడిటింగు పనిలో ఉన్నాను. హట్టి సార్ చెప్పింది గని లెక్క. నేను కాగితం లెక్క చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు.

పది గ్రాములు లక్ష అనుకుంటే కిలో కోటి. 750 కిలోలంటే 750 కోట్ల అమ్మకం. ఇది జియోమైసూర్ అమ్మకం. మీ కంపెనీకి అందులో 40 శాతమే, మిగతాది గనుల తవ్వకం చేసే త్రివేణి ఎర్త్‌మూవర్స్‌తో సహా ఇతర వాటాదారులది. సగానికి తక్కువ వాటా ఉండి, పెత్తనం చేతిలో లేని కంపెనీని అకౌంటింగులో అసోసియేట్ అంటారు. అసోసియేట్ అమ్మకాలు మీ కంపెనీ అమ్మకాల్లో కలవవు. లాభంలో వాటా మాత్రం "అసోసియేట్ల లాభంలో వాటా" అని ఒక్క వరుసలో కనిపిస్తుంది. కాబట్టి రేపు త్రైమాసిక ఫలితాలొచ్చాక "గని నడుస్తోంది కదా, ఆదాయం ఏది" అని కంగారు పడకండి. ఆ ఒక్క వరుసా చూడండి, దానికంటే ముందు జియోమైసూర్ సొంత లెక్కలు చూడండి. లాభంలో వాటా కాగితం మీద రావడం వేరు, డివిడెండుగా డబ్బు రావడం వేరు. డబ్బు వచ్చిందా లేదా అనేది క్యాష్ ఫ్లోలో, అంటే నగదు రాకపోకల పట్టికలో కనిపిస్తుంది.

ప్రభుత్వం వాటా కూడా తీసెయ్యాలి. బంగారం మీద రాయల్టీ 4 శాతం. జొన్నగిరి లీజు 2015కి ముందుది కాబట్టి రాయల్టీ మీద ఇంకో 30 శాతం జిల్లా ఖనిజ నిధికి. అంటే 750 కోట్ల మీద 30 కోట్లు రాయల్టీ, 9 కోట్లు జిల్లా నిధి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది షేర్ల సంఖ్య. ఆదాయం లేని అన్వేషణ కంపెనీ బతికేది కొత్త షేర్లు జారీ చేసే. అది దోషం కాదు, వేరే దారి లేదు. కానీ మీరు 2008లో కొన్నప్పుడు కంపెనీలో మొత్తం ఎన్ని షేర్లుండేవి, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? రెండూ పక్కపక్కన రాసుకోండి. తర్వాత కంపెనీ వాటాకొచ్చే బంగారాన్ని మొత్తం షేర్లతో భాగించండి. మీ ఒక్కో షేరు వెనక ఎన్ని మిల్లీగ్రాములున్నాయో తేలుతుంది. కిర్గిజ్‌స్తాన్‌లో ఆల్టిన్ టోర్ బంగారు గనిలో కూడా డెక్కన్ గోల్డ్‌కు వాటా ఉంది కదా, అది విడిగా వేసుకోండి, రెండూ కలిపేస్తే ఏది నడుస్తోందో ఏది ఆగిందో తెలీదు. ఏటా ఆ మిల్లీగ్రాములు పెరుగుతుంటే ఉంచుకోండి. బంగారం ధర పెరిగి, మిల్లీగ్రాములు తగ్గుతుంటే షేరు ఎంత పెరిగినా నేను నమ్మను.

కాల్గూర్లీ_తమ్ముడు రాశారు:

అన్నా, పశ్చిమ ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ దగ్గర గనిలో జియాలజిస్టుని, మాది ఖమ్మం. ఇక్కడ చిన్న గోల్డ్ కంపెనీలు వీధికొకటి ఉంటాయి. అందుకే రెండు మాటలు.

మీరు కోర్‌లో సగం దాస్తారని రాశారు చూడండి, అది చాలా పెద్ద సంగతి. కెనడాలో బ్రీ-ఎక్స్ అనే చిన్న కంపెనీ ఇండోనేషియాలో బుసాంగ్ దగ్గర ప్రపంచంలోకెల్లా పెద్ద బంగారు నిల్వ దొరికిందని చెప్పి, 600 కోట్ల కెనడా డాలర్ల విలువకు చేరింది. 1997లో ఫ్రీపోర్ట్ అనే పెద్ద గనుల కంపెనీ వాళ్లు వెళ్లి పక్కనే మళ్లీ డ్రిల్లు చేస్తే ఏమీ లేదు. శాంపిళ్లలో బయటి బంగారం కలిపారు. అక్కడ కోర్‌ను సగం దాచకుండా మొత్తం పిండి చేసేశారు, అందుకే తిరిగి చూడ్డానికి ఏమీ మిగల్లేదు. ఆ దెబ్బతోనే కెనడాలో 2001లో నిల్వల ప్రకటనకు కఠినమైన నియమాలొచ్చాయి. మా దగ్గర అంతకు ముందే పొసైడన్ అనే నికెల్ కంపెనీ షేరు 1970 ఫిబ్రవరిలో 280 డాలర్లకెక్కి కూలింది, ఆ తర్వాత నిల్వలను ఎలా ప్రకటించాలో చెప్పే జోర్క్ అనే కోడ్ పుట్టింది.

జొన్నగిరి ఆ దశ ఎప్పుడో దాటింది. భారత భూగర్భ సర్వే చూసిన చోటు, లీజుంది, ప్లాంటుంది. ఇప్పుడున్న రిస్కు వేరు. ప్లాంటు మొదలైన మొదటి ఏడాదిలోనే చిన్న కంపెనీలు ఎక్కువగా తడబడతాయి. డ్రిల్లు రంధ్రాల మధ్య మేం అంచనా వేసిన గ్రేడూ, నిజంగా మిల్లులో వచ్చిన గ్రేడూ ఒకటవ్వాలి. ఆ పోలికను రికన్సిలియేషన్ అంటాం. అది రెండు మూడు త్రైమాసికాలు దగ్గరదగ్గరగా వచ్చిందంటే, ఆ గని మీద నాకు నమ్మకం వస్తుంది. అంతవరకు మీ అబ్బాయి మాటలో కూడా న్యాయం ఉంది.

నగల_షాపు_వీధి రాశారు:

ఏమనుకోకండి మాస్టారూ, సూటిగా అడుగుతాను. 2008లో పది గ్రాములు పన్నెండు, పదమూడు వేలుండేది. ఇవాళ లక్ష పైనే. మీరు బిస్కెట్లు కొని బీరువాలో పెట్టుకున్నా ఏడెనిమిది రెట్లకు పైనే. మధ్యలో ప్రభుత్వ సావరిన్ గోల్డ్ బాండ్లొచ్చాయి, ఏటా రెండున్నర శాతం వడ్డీ కూడా ఇచ్చారు. గ్రేడు టెన్షన్ లేదు, చట్టం మారుతుందన్న భయం లేదు. పైగా మీరు మార్కెట్లో కొన్న షేరు డబ్బు ఇంకో వాటాదారుకి పోతుంది గాని గనికి పోదు. బంగారం మీద ప్రేమ ఉంటే బంగారమే కొనాలి కదా?

పత్తికొండ_మాస్టారు జవాబు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ముందు నగల షాపు గారికి చెబుతాను.

బంగారం కూడా కొన్నానండీ, మా ఆవిడకు, కోడలికి. అది వేరు. బీరువాలోని బంగారం బీరువాలోనే ఉంటుంది. పత్తికొండ, ఆస్పరి, తుగ్గలి వైపు సంక్రాంతి అయ్యాక ఊళ్లు ఎలా ఉంటాయో మీరు చూశారా? ఇళ్లకు తాళాలేసి గుంటూరు మిరప కోతలకు పోతారు. నా క్లాసులో ఏడో తరగతి దాకా ఫస్టు వచ్చిన అమ్మాయి జనవరిలో కనపడదు, మార్చిలో పరీక్షల ముందు వస్తుంది, చేతులు మిరప ఘాటుకు మండి ఉంటాయి. పెన్ను పట్టుకోలేక ఊదుకునేది. ఆ పిల్లలకు బడిలో పలుగురాయిని చూపించి ఇందులో ఏముంటుందో చెప్పినవాణ్ణి నేను. ఆ రాయి మీద పని వాళ్ల ఊళ్లోనే దొరకాలని నా కోరిక. అందుకోసం నా పెన్షన్‌లో మిగిలింది అక్కడ పెట్టాను.

మార్కెట్లో కొన్న డబ్బు గనికి నేరుగా పోదన్నది నిజం. కానీ షేరును కొని ఉంచుకునేవాళ్లే లేకపోతే కంపెనీ కొత్త షేర్లు ఎవరికి అమ్ముతుంది? ఏ ధరకు అమ్ముతుంది? అడిగేవాడు లేని రోజుల్లో నాలాంటి వాళ్లు కొందరు అమ్మకుండా కూర్చున్నాం. అది పనికిమాలిన పని అని నేను అనుకోను. కోలారు గనుల్లో 120 ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం తీసి 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. మన రామగిరి, చిగురుగుంట బంగారు గనులు కూడా దాంతోపాటే మూతపడ్డాయి. చిత్తూరు నుంచి వెళ్లిన ఎంతమంది తెలుగువాళ్లు కోలారులో వీధినపడ్డారో! ఆ తర్వాత ఈ దేశంలో బంగారం వెతుకుతామని ముందుకొచ్చిన కంపెనీకి నాలుగు రూపాయలు పెట్టేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి కదా.

హట్టి సార్, మీ మూడు అంకెలూ రాసుకున్నాను. రమ గారూ, అసోసియేట్ సంగతి నాకు కొత్త, మీరు చెప్పకపోతే వచ్చే ఫలితాలకు నిజంగానే కంగారు పడేవాణ్ణి. కాల్గూర్లీ తమ్ముడూ, నీ రికన్సిలియేషన్ ప్రశ్నను వార్షిక సమావేశంలో అడుగుతాను. ఇప్పుడు వీడియోలో పెడుతున్నారు కాబట్టి ముంబై పోయే పని లేదు.

పగిడిరాయి_కుర్రోడు రాశాడు:

సార్, నేను మీ స్టూడెంటునే, పేరు చెప్పను, గుర్తుపడతారు. ఐటీఐ ఫిట్టరు చేశాను. గని వస్తే పని వస్తుందని మా ఈడు వాళ్లందరికీ ఆశే. మా నాయనకు మాత్రం నీళ్ల భయం. సైనైడ్ వాడతారంట కదా, బోరు నీళ్లకు ఏమీ కాదా? షేర్లున్న మీలాంటి పెద్దలు అది కూడా అడగండి సార్. మేం అడిగితే వినేవాళ్లు తక్కువ.

హట్టి_రిటైర్డ్ రాశారు:

తమ్ముడూ, సైనైడ్ లేకుండా ఇంత సన్నటి బంగారం తియ్యడం ఇవాళ్టికీ కష్టమే. ట్యాంకుల్లో బంగారాన్ని కరిగించి, కార్బన్ గుళికలకు పట్టిస్తారు. మిగిలిన బురదలో సైనైడ్‌ను విరిచేసి, అడుగున షీట్ వేసిన చెరువులోకి వదలాలి. మీ నాయన అడగాల్సింది ఆ చెరువు గురించి: అడుగున పొర ఉందా, చుట్టూ పరీక్ష బోర్లు వేశారా, ఆ నీళ్ల రిపోర్టు ఎంతకాలానికోసారి బయటపెడతారు. రమ గారు చెప్పిన జిల్లా ఖనిజ నిధి కూడా గని ప్రభావం పడిన ఊళ్ల కోసమే. తాగునీళ్లకు అందులోంచి ఖర్చు పెట్టమని గ్రామసభలో రాతపూర్వకంగా అడగండి.

పత్తికొండ_మాస్టారు జవాబు:

ఒరే నాయనా, గుర్తుపట్టానులే. నీ ప్రశ్న సమావేశంలో నేను అడుగుతాను, ముందుగానే ఈమెయిల్లో పంపుతాను, జవాబు కాగితం మీదే రావాలని అడుగుతాను. మీ నాయనకు చెప్పు.

నా సంగతి. ఫ్లాటు అడ్వాన్సుకు ఎంత కావాలో అంతవరకే షేర్లు అమ్మి అబ్బాయికి ఇస్తాను. వాడు అడిగింది ఇంటి కోసం, అందులో తప్పేమీ లేదు. ఆ గని పేరు మీద వాడికో ఇల్లు వస్తే నాకూ సంతోషమే. మిగతావి ఉంచుతున్నాను. పూర్తి ఉత్పత్తి మొదలయ్యాక నాలుగు త్రైమాసికాల టన్నులు, గ్రేడు, రికవరీ చూసి మళ్లీ కూర్చుంటాను.

రమ గారూ, 2008 నాటి వార్షిక నివేదిక ట్రంకు పెట్టెలో ఉంది. అప్పటి షేర్ల సంఖ్య, ఇప్పటి సంఖ్య రెండూ రాత్రికి ఇక్కడ పెడతాను. మిల్లీగ్రాముల లెక్క మీరు ఒకసారి సరిచూసి పెట్టాలి తల్లీ.